కుడిచేతి వాచీ

"టార్గెట్ ఎవరు సర్?"

చీఫ్ ఒక ఫొటో టేబుల్ మీద ముందుకి జరిపాడు. ఉడత దాన్ని చూసి, మళ్లీ చీఫ్ మొహం చూసింది. ఫొటోలో ఉన్నది ఆమె తండ్రి.

ఉడత ఆమె కోడ్ నేమ్. చిన్నప్పుడు ఒక్కచోట కాలు నిలవదని తండ్రి పెట్టిన ముద్దుపేరే అది. ఆయన డిపార్ట్‌మెంట్‌ని ఏలిన రోజుల్లో ఆమె ఉద్యోగంలో చేరితే, వేరే పేరు వెతికే ఓపిక లేక అదే ఫైల్లో రాసేశాడు. ఇప్పుడాయన మతిమరుపు జబ్బుతో నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు. భద్రత పేరు చెప్పి ఆమెని కూతురిగా వెళ్లనివ్వరు. గోళ్లు తీసే మనిషిగా, యూనిఫామ్ వేసుకుని వారం వారం వెళ్తుంది. "మీరెవరండీ?" అని ఆయన ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదే ఆమెకి గుండెకోత.

"సరిహద్దు అవతల మనవాళ్లు ఆరుగురున్నారు," అన్నాడు చీఫ్. "వాళ్ల అసలు పేర్లు మీ నాన్నగారి బుర్రలో తప్ప ఎక్కడా లేవు. జబ్బు వచ్చాక, పోన్లే, ఇంతకన్నా గట్టి లాకర్ ఏముంటుంది అనుకున్నాం. ఇప్పుడు శత్రువులకి తాళంచెవి దొరికింది."

"ఏంటది?"

"ఏదో కొండతీగ వేరు నుంచి తీసిన మందు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే రసాయనం ఉంటుందిగా, అది తొందరగా కరిగిపోకుండా ఆపుతుందట. పనిచేసినంతసేపు పాత జ్ఞాపకాలన్నీ తిరిగొస్తాయి. దాచుకోవాలన్న జాగ్రత్త మాత్రం రాదు. అడిగినవాళ్లకి అడిగినట్టు చెప్పేస్తాడు. ఈ మధ్యాహ్నమే డోసు."

"ఎవరు చెప్పారు?"

"అక్కడి డాక్టరమ్మ. మన జీతం, వాళ్ల జీతం రెండూ తీసుకునే మనిషి. కబురైతే ఇచ్చింది. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది." చీఫ్ ఒక నెయిల్ కట్టర్ అందించాడు. "పిడిలో సూది ఉంది. విరుగుడు. ఒక్కసారి పడితే ఆ మందు ఆయన మీద ఇంక జన్మలో పనిచేయదు." ఫొటో వెనక్కి తీసుకున్నాడు. "కావాలంటే వేరే ఎవరినైనా పంపుతాను."

"వేరేవాళ్లని ముట్టుకోనివ్వడు సర్. నేనెవరో తెలియకపోయినా కాళ్లు నా చేతికే ఇస్తాడు."

ఉడత తండ్రి గదిలోకి వెళ్లేసరికి డ్రిప్ అప్పటికే ఎక్కుతోంది. డాక్టరమ్మ సినిమా పోస్టర్‌లోంచి దిగొచ్చినట్టుంది. చెవికున్న ముత్యం మైకని ఉడత ఒక్క చూపులో కనిపెట్టింది. ఏమీ ఎరగనట్టు పీట వేసుకుని కూర్చుని, తండ్రి పాదాలు గోరువెచ్చని నీళ్ల టబ్‌లో పెట్టింది.

"ఉడతా, ఏంటే ఆ వేషం? ఎంత చిక్కిపోయావు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండేళ్లుగా ఆ పిలుపు కోసం మొహం వాచి ఉంది.

"అమ్మ ఏదే?"

"అమ్మ లేదు నాన్నా. పోయి చాలా కాలమైంది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "అప్పుడు నేను పక్కన ఉన్నానా?"

"ఉన్నావు. చివరిదాకా చెయ్యి వదల్లేదు."

డాక్టరమ్మ వంగి ఉడత చెవిలో గుసగుసలాడింది. "ఓహో, కూతురివా. ఊరికే కూర్చో చాలు. రోజూ ఒక డోసు ఇప్పిస్తాను. ఆయన బతికినన్నాళ్లూ నిన్ను పేరు పెట్టి పిలుస్తాడు."

కాదనాలని ఉడతకి తెలుసు, మనసొప్పలేదు. అవతల ఆరుగురి మొహాలు ఆమె ఎన్నడూ చూడలేదు. ఈ మొహం మాత్రం కళ్లెదుట నవ్వుతోంది.

"సర్, అవతల ఉన్న మనవాళ్ల పేర్లు చెప్తారా?" అంది డాక్టరమ్మ తియ్యగా.

"దానికేం భాగ్యం, చెప్తాను," అన్నాడాయన హుషారుగా. "మొట్టమొదట పంపినవాడు..."

అంటూనే కుడిచెయ్యి తన పాటికి తాను ఎడమ మణికట్టు మీదికి వెళ్లింది. వాచీ విప్పింది. ఆయన దాన్ని కుడిచేతికి పెట్టుకుని బకిల్ బిగించాడు. చేస్తున్నది ఆయనకి తెలిసినట్టు లేదు. దురద పుట్టిందేమో అనుకుంది డాక్టరమ్మ.

ఉడత అలా అనుకోలేదు. ట్రైనింగ్‌లో అందరికీ మొదటిరోజే ఆయన చెప్పే పాఠం అది. 'నా వాచీ కుడిచేతికి మారిందంటే నేను శత్రువు గుప్పిట్లో ఉన్నట్టు. ఇక నా మాట వినొద్దు. నా నోరు మూయించండి.' పేర్లు దాచుకునే చోటు వేరు, చేతులు అలవాట్లు దాచుకునే చోటు వేరు. ఆ రెండోచోటికి జబ్బూ పోలేదు, మందూ పోలేదు.

ఆయన పెదవులు మొదటి పేరు కోసం విచ్చుకున్నాయి. ఉడత కళ్లు మూసుకుని, మడమ దగ్గర సూది గుచ్చింది.

పేరు బయటికి రాలేదు. ఆయన నోరు తెరిచి, దేనికోసం తెరిచాడో తెలియక మళ్లీ మూసుకున్నాడు. అంబులెన్స్ డ్రైవర్ల వేషంలో బయట కాపు కాస్తున్న చీఫ్ మనుషులిద్దరు లోపలికొచ్చి డాక్టరమ్మ చేతులు పట్టుకున్నారు.

"పిచ్చిదానివి," అంది ఆమె వెళ్తూ.

"మా ఇంట్లో అందరం అంతేనండీ."

గది సద్దుమణిగింది. ఉడత టవల్‌తో ఆయన పాదాలు తుడిచింది. వాచీ విప్పి, మళ్లీ ఎడమచేతికి పెట్టింది.

"మీరెవరండీ?"

"గోళ్లు తీసే అమ్మాయినండీ."

"చెయ్యి తేలిక. ఎవరు నేర్పారమ్మా పని?"

"మా నాన్న."

"ఈసారి వచ్చేటప్పుడు ఆయన్ని కూడా తీసుకురండి. మాట్లాడాలనుంది."

"అలాగేనండీ," అంది.

కారిడార్‌లోకి రాగానే చెవిలో చీఫ్ గొంతు పలికింది. "పేర్లు బయటపడ్డాయా?"

"లేదు సర్."

"మనవైపు నష్టం?"

"ఏమీ లేదు సర్."

అబద్ధం చెప్పేటప్పుడు గొంతు వణకకూడదని నేర్పింది కూడా ఆయనే.