కోడలికి రావలసిన పేరు

"నా పేరు తీసేసి నీ పేరు పెట్టుకునేటందుకు నీకు మనసెట్ల ఒప్పిందయ్యా!" అని అరిచింది బాలమణి. ఏడుస్తున్న పసిపిల్లను చంకనేసుకుని, ఒంటిచేత్తో చీరలన్నీ సంచిలో కుక్కుతోంది. నకిరేకల్‌లోని పుట్టింటికి వెళ్లిపోతానంటోంది!

ఎల్లస్వామి చేతిలో హైదరాబాదు నుంచి పోస్టులో వచ్చిన సర్టిఫికెట్ ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో అతని పేరే ఉంది. "నేను పెట్టలే బాలమణీ... నీ మీద ఒట్టు! నాకు ఉద్యోగం రావాలని నువ్వే నా పేరు చెప్పినవనుకున్న."

"నేనా? నన్నొక్క మాట అడిగినవా మరి?"

వంటింటి గడప దగ్గర కూర్చున్న అత్తగారు ఈదమ్మ తల ఎత్తలేదు. కొడుకు నిజమే చెబుతున్నాడని ఆమెకు తెలుసు... ఆమె ఒక్కతెకే తెలుసు!

మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర వాళ్లకు చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు టైపు చేస్తారు. తెలుగు టైపు చేసే ప్రోగ్రాం ఒకటి హైదరాబాదులో కొందరు మిత్రులు తయారుచేసి ఊరికే పంచిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే లోపల సరిదిద్ది తిరిగి పంపవచ్చు. అందులో ఒత్తులు అక్షరం కింద కుదురుగా నిలవక పక్కకు జరిగిపోయేవి. కడుపుతో ఉండి, కాళ్లు వాచిపోతున్నా దుకాణంలో స్టూలు మీదే కూర్చుని వాటిని దారికి తెచ్చింది బాలమణి! అందుకు పైసా రాదు. పని చేసినవాళ్ల పేరు ప్రోగ్రాంలో చేర్చి, ఒక సర్టిఫికెట్ ఇస్తారు, అంతే.

ఆ పేరు రాసుకోవడానికి హైదరాబాదు వాళ్ల మనిషి వచ్చిన రోజున బాలమణి పాపను దవాఖానకు తీసుకువెళ్లింది. ఎల్లస్వామి బజారుకు పోయాడు. అన్నం తెచ్చిన ఈదమ్మే దుకాణంలో ఉంది. "ఈ పని చేసిందెవరమ్మా?" అని ఆయన అడిగితే, తెలిసి తెలిసి, "నా కొడుకు ఎల్లస్వామి" అనేసింది! కొడుకు జడ్చర్లలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు; ఇలాంటి సర్టిఫికెట్ ఉంటే అది దొరుకుతుందని ఆమె ఆశ. పెళ్లాం సంపాదన తింటున్నాడని వాడకట్టంతా నవ్వుతోంది. ఒకే ఇంట్లో ఎవరి పేరైతేనేం అనుకుంది పిచ్చితల్లి.

బాలమణి చెప్పులు వేసుకుంది. ఇంక ఉండబట్టలేకపోయింది ఈదమ్మ.

"ఆగు బిడ్డా! వాడు గాదు... నేను చెప్పిన! వానికి నౌకరీ దొరకాలని నేనే అబద్ధమాడిన!"

బాలమణి సంచి కింద పెట్టి అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా... నీ కొడుకు అడిగితే గా పని నేనే నేర్పుదును గదా! దానికి జీతం లేదు, పేరే నాకు కూలి... గా పేరు గుడ గుంజుకుంటివా?"

కూలి! రోజంతా ఎండలో కలుపు తీసినా కూలి ఎగ్గొట్టినవాళ్ల వాకిళ్ల ముందు ఈదమ్మ ఎంతగా ఏడ్చిందో! ఇప్పుడు తానే కోడలి కూలి ఎగ్గొట్టింది.

"పా బిడ్డా, ఇప్పుడే ఫోన్ చేద్దాం!" అంటూ లేచింది. "నాకీ కాగితంతోని నౌకరీ వద్దమ్మా," అన్నాడు ఎల్లస్వామి తలదించుకుని.

ఎస్టీడీ బూత్‌లో ఎల్లస్వామి సర్టిఫికెట్ మీదున్న నంబరు కలిపి తల్లికి ఇచ్చాడు. ఈదమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి మనిషి శాంతంగా విన్నాడు. "బాలమణి గారి పేరుతో కొత్తది పంపుతామమ్మా. కానీ పేరెందుకు మార్చామో మేము ప్రోగ్రాంలో అందరికీ కనబడేలా రాయాలి. ఎల్లస్వామి గారు తప్పు చెప్పారని రాయమంటారా?"

"వద్దు సారూ! నా కొడుకు దొంగ గాదు. వాని తల్లి ఈదమ్మ అబద్ధం చెప్పిందని రాయుండ్రి. అందరు సదివేటట్టే రాయుండ్రి!"

పక్కనే ఉన్న బాలమణి చప్పున రిసీవర్ అందుకుంది. "సార్, నేను బాలమణిని. మా అత్తమ్మ పేరు అట్ల ఎక్కించకుండ్రి... పొరపాటు అయిందని రాయుండ్రి, చాలు."

ఈదమ్మ గోడకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కోడలు తిట్టినా ఓర్చుకునేది, వెళ్లిపోయినా తన పాపమే అనుకునేది. ఈ దయను మాత్రం ఓర్చుకోలేకపోయింది!

"పొరపాటు గాదు బిడ్డా... తెలిసే చేసిన..."

"తెలుసు అత్తమ్మా," అంది బాలమణి, పాపను ఆమె చేతుల్లో పెడుతూ. "ఇంటికి పోదాం పా."