డింప్నా దుంపల్లో వెన్నేది?

"తేల్చేస్తాను. ఈ రాత్రికే తేల్చేస్తాను. పిల్లలకి మాత్రం ముందే తెలియనివ్వకండి."

మెట్లు దిగుతున్న ఫినూలా కాలు గాల్లోనే ఆగిపోయింది. వంటింటి తలుపు వెనక ఫోన్లో గుసగుసలాడుతున్నది అమ్మ. డింప్నా గుసగుసలాడడమే ఒక వింత. ఆవిడ మామూలుగా మాట్లాడితేనే పక్క పొలంలో గొర్రెలు మేత మాని తలెత్తి చూస్తాయి.

ఏమిటి తేల్చేది? నాన్న మార్టిన్ పోయాక ఇల్లూ పొలమూ అమ్మ పేరు మీదే ఉన్నాయి. తమ్ముడు డెక్లన్ ఆ పొలాన్నే నమ్ముకుని ఆవుల్ని మేపుకుంటున్నాడు. గాల్వేలో పంతులమ్మగా పనిచేస్తున్న ఫినూలా హాలోవీన్ సెలవులకని నిన్ననే మేయోలోని ఈ పుట్టింటికి వచ్చింది. నాన్న చెమటోడ్చిన నేలను అమ్మేస్తుందా ఏమిటి? అమ్మ అమ్మలా ఉండాలిగాని, అమ్మే మనిషైపోతే ఎలా?

"ఎవరమ్మా ఫోన్లో?"

డింప్నా ఉలిక్కిపడి ఫోన్‌ను ఏప్రన్ జేబులో పడేసింది. "రాంగ్ నంబరే."

"రాంగ్ నంబరుతో అంతసేపు మాట్లాడావా?"

"పాపం, దారి తప్పిన మనిషి. దారి చెప్పాను."

బల్ల మీద ఆకుకూర కట్ట, ఉల్లికాడలు, గుప్పెడు బంగాళాదుంపలు ఉన్నాయి. హాలోవీన్ రాత్రికి కోల్‌కానన్ చేయాలిగా! మెదిపిన దుంపల్లో ఉడికించిన ఆకుకూర కలిపి, కుప్ప మధ్యలో గుంట చేసి, అందులో కరిగిన వెన్న చెరువులా నింపుతారు. ఆ ఇంటి వంటకు వెన్నే వెన్నెముక. కానీ ఇవాళ దుంపల పక్కన తలకాయంత కాలీఫ్లవర్ కూర్చుని ఉంది. దానికి తోడు మజ్జిగ డబ్బా ఒకటి.

"కాలీఫ్లవర్ ఎందుకు?"

"చవగ్గా వచ్చింది."

"మరి ఈ మజ్జిగ?"

"నాకు దాహమేస్తుంది. ఏమిటే ఈ పోలీసు ప్రశ్నలు? పొద్దున్నే నన్ను ఉడికించకు, ఉడికించాల్సినవి ఇక్కడ చాలా ఉన్నాయి."

ఫినూలా ఫ్రిజ్ తెరిచింది. వెన్న పొట్లాలు సీలు విప్పకుండా వరసగా ఉన్నాయి. హాలోవీన్ నాడు ఈ ఇంట్లో వెన్న ముట్టుకోలేదంటే చర్చిలో కొవ్వొత్తి వెలగనట్టే. పొయ్యి వారన మూతపెట్టిన చిన్న గిన్నె ఒకటి కనబడింది. ఆమె చెయ్యి అటు కదిలిందో లేదో, "దాన్ని ముట్టుకున్నావంటే నీ దుంపతెగుద్ది!" అని గరిటె లేచింది.

ఫినూలా తిన్నగా పశువుల కొట్టానికి నడిచింది.

"ఒరేయ్ డెక్లన్, అమ్మ ఏదో తేల్చేస్తోందిరా. ఈ రాత్రికేనట. నా చెవులారా విన్నాను."

డెక్లన్ చేతిలో పాల బకెట్టు కింద పెట్టేశాడు. "నాకూ అనుమానంగానే ఉందక్కా. మొన్న జుట్టు కత్తిరించుకొచ్చింది. చర్చి పాటల సాధన అయ్యాక ఇంటికి ఆలస్యంగా వస్తోంది. పెదాలకి రంగు కూడా!"

"పొలం కొనేవాడెవణ్ణో కలుస్తోందన్నమాట."

"పెదాలకి రంగేసుకుని పొలం అమ్ముతారా ఎవరైనా?"

"ధర పెరగడానికిరా, మొద్దూ!"

ఆవు కూడా నమ్మనట్టు తల విదిల్చింది. డెక్లన్ మాత్రం నవ్వలేదు. "పొలం పోతే నేనేం చేయాలక్కా? నాకు ఇంకో పని రాదు" అన్నాడు మెల్లిగా. పాలు పిండేవాడికి పొలంలో పాలు లేకుండా పోతుందేమోనని ఫినూలా గుండె మరిగింది. ఇక ఈ పూట అమ్మని వదిలేది లేదు అనుకుంది.

చీకటి పడగానే ముసుగులేసుకున్న పిల్లలొచ్చి మిఠాయిలు పట్టుకుపోయారు. వాళ్ళ వెనకే ముసుగు లేకుండా ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒకప్పుడు ట్రాక్టర్లు బాగుచేసి, ఇప్పుడు చర్చిలో పాడుతున్న ఫింటన్. మెడకి కొత్త టై. ముసుగులేని వాళ్ళనే ముందు అనుమానించాలనిపించింది ఫినూలాకి.

"రండి రండి" అన్న అమ్మ గొంతులో తేనె. కూతురి కళ్ళల్లో కారం.

బల్ల మీద పంది మాంసం, పక్కనే కోల్‌కానన్. తెల్లగా, దూదిలా, నడుమ గుంట లేకుండా నున్నగా ఉంది. ఫినూలా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. దుంప సగం, కాలీఫ్లవర్ సగం. వెన్న జాడే లేదు. పుల్లగా మజ్జిగ మాత్రం తగిలింది.

చెంచా ఠంగున పడింది. "నాన్న దున్నిన నేల మీద కాలీఫ్లవరా? ముందు వెన్న తీసేశావు. తర్వాత ఆయన్ని తీసేస్తావు. చివరికి పొలాన్నీ తీసేస్తావు! చెప్పండి ఫింటన్ గారూ, ఎంతకి తేల్చుకున్నారు?"

ఫింటన్ మొహం ఆ ముద్దకన్నా తెల్లబడింది. "ఏమిటమ్మా తేల్చేది? నేను ఉడకబెట్టిన గుడ్డుతో సరిపెట్టుకుంటానన్నాను. ఈవిడే వినలేదు."

"పొద్దున ఫోన్లో విన్నానుగా! 'తేల్చేస్తాను' అనలేదూ?"

డింప్నా గరిటెతో బల్ల మీద ఒక్కటేసింది. "తేలిగ్గా చేసేస్తాను అన్నానే, పిచ్చిదానా! కోల్‌కానన్ తేలిగ్గా చేసేస్తానని ఈయనకే చెప్పాను, గుసగుసలో నీకు సగమే వినబడింది. ఈయన గుండెకి ఆపరేషనయింది. వెన్న తినకూడదు."

"అయితే పొలం?" అన్నాడు డెక్లన్.

"నీ పొలం జోలికి ఎవరొస్తారురా? ఈయనకి సొంత ఇల్లుంది, ట్రాక్టరుంది, నోరు మాత్రం లేదు. మేమిద్దరం కలిసి బతుకుదామనుకుంటున్నాం. అది మీకు భోజనమయ్యాక చెబుదామనుకున్నాను."

ఫినూలాకి కోపం చల్లారలేదు, దారి మాత్రం మారింది. "అంటే ఈయన కోసం వెన్న మానేశావు. నాన్న కోసం ఒక్కరోజైనా మానావా?"

డింప్నా కుర్చీలో కూలబడింది. ఈసారి నిజంగానే గుసగుసలా వచ్చింది గొంతు.

"మానలేదు. అదే నా బాధ. డాక్టరు వద్దన్నాడు, మీ నాన్న నవ్వి పళ్ళెం ముందుకి తోశాడు. నేను వద్దంటే ప్రేమ తగ్గిందనుకుంటాడేమోనని భయం. రోజూ నా చేత్తోనే గుంట చేశాను, నింపాను. చివరికి ఏ గుంటలో దించానో నీకు తెలుసు కదే... ఇంకొకరికి అలా వడ్డించలేను తల్లీ."

లేచి, పొయ్యి వారనున్న చిన్న గిన్నె మూత తీసింది. గుమ్మున వెన్న వాసన. వట్టి దుంపలు, ఆకుకూర, నడుమ పచ్చగా మెరిసే చెరువు. పళ్ళెంలోకి వంచి, చెంచా పెట్టి, కిటికీ దగ్గర ఉంచింది. హాలోవీన్ రాత్రి పోయినవాళ్ళు ఇంటికి వస్తారని, వాళ్ళ కోసం ఇలా మొదటి పళ్ళెం పెట్టేది అమ్మమ్మ. ఆవిడతోనే ఆ ఆచారం ఈ ఇంట్లో ఆగిపోయింది.

"పొద్దున్నే చేసి పెట్టాను, పక్కింటి పాడి నుంచి తెచ్చిన వెన్నతో. మార్టిన్‌కి పాతదే. కడుపారా తిననీ. ఇక ఆయన్నేం చేస్తుంది వెన్న?"

ఫినూలాకి కిటికీ కనబడలేదు, కళ్ళు నిండిపోయాయి. అమ్మ భుజం మీద మొహం పెట్టి ఏడ్చేసింది. డింప్నా కూడా ఏడ్చింది, ఎప్పట్లాగే పక్క పొలం దాకా వినబడేలా.

ఫింటన్ మెల్లిగా కోటు అందుకున్నాడు. "నేనింకో రోజు వస్తానమ్మా."

"కూర్చోండి" అంది ఫినూలా, కళ్ళు తుడుచుకుంటూ. అతని పళ్ళెంలో తెల్లటి ముద్ద ఇంకో గరిటె వేసింది. "శుభ్రంగా తినండి, నడవండి, మందులు మానకండి. ఇంకో మనిషిని మోసుకెళ్ళే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు."

"అలాగేనమ్మా" అని కూర్చున్నాడాయన. ఒక ముద్ద తిని, బెరుగ్గా డెక్లన్ వైపు వంగాడు. "ఇంతకీ బాబూ, నేను దేన్ని ఎంతకి తేల్చుకున్నానన్నారు?"

ముగ్గురూ ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టారు.