కట్ట మీద నుంచి ఖో

"బస్సు ఏడిదాకా వచ్చిందే, ఆరాధనా?"

గంప దించుతూ ఐలవ్వ అడిగింది. గంప నిండా గోరుచిక్కుడు ఉంది. పైన తడిగుడ్డ కప్పి ఉంది. సుల్తానాబాద్ అంగడికి తీసుకుపోతోంది.

బస్టాపులో ఉన్నవాళ్లంతా ఆరాధన వైపు తిరిగారు.

ఎల్లంబావికి పొద్దున వచ్చేది ఒక్కటే బస్సు. అది పోతే మళ్లీ మధ్యాహ్నమే. ఆరాధన ఏడో తరగతి. దుబాయిలో పనిచేసే వాళ్ల బాపు సాల్మన్ ఈ మధ్యనే ఇంటికి కొత్త ఫోన్ పంపించాడు. అందులో బస్సుల యాప్ ఉంది. బస్సు ఎక్కడుందో మ్యాపు మీద చిన్న చుక్కలాగా కనిపిస్తుంది. అప్పటినుంచి ఊళ్లో ఎవరు ప్రయాణమైనా ముందు ఆరాధననే అడుగుతున్నారు.

పెద్దవాళ్లు తనను అడగడం ఆరాధనకు ఎంత నచ్చిందంటే, వాళ్లు నోరు తెరిచేలోగానే జవాబు చెప్పేస్తోంది.

ఈరోజు ఆమె చేతిలో ఫోన్ ఉండటానికి వేరే కారణం ఉంది. బడి ఖోఖో జట్టు సుల్తానాబాద్ పోతోంది. మండలం పోటీలు. ఆటల టీచర్ జమున మేడం పేర్లు రాయించడానికి ముందే వెళ్లిపోయింది. పిల్లలను తీసుకొచ్చే పని బడి వాచ్‌మన్ అంతయ్య తాతకు అప్పగించింది. పోయేముందు అందరినీ నిలబెట్టి ఒకటే మాట చెప్పింది.

"పదింటికి హాజరు పిలుస్తరు. అప్పటికి లేని జట్టు ఆడకుండనే ఓడినట్టు. యాదుంచుకోండ్రి."

ఈ బడి జట్టు ఎప్పుడు పోయినా మొదటి ఆటలోనే ఓడి వచ్చేది. ఈసారి గెలుస్తామని అందరికీ లోపల ఆశగా ఉంది. పైకి మాత్రం ఎవరూ అనడం లేదు.

ఆరాధన యాప్ తెరిచింది. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. మ్యాపు రాలేదు. బస్టాపు దగ్గర నెట్ ఎప్పుడూ అంతంత మాత్రమే. ఇంటి దగ్గర చూసినప్పుడు చుక్క రేగులకుంట దగ్గర ఉంది. అది ఎంతసేపటి కిందటో ఆమెకు గుర్తు లేదు.

"ఏందే, చెప్పవేమే?" అంది ఐలవ్వ.

అందరూ తననే చూస్తున్నారు. చక్రం తిరుగుతూనే ఉంది.

"ఇంకా రేగులకుంట కాడనే ఉందవ్వా. మస్తు టైముంది," అంది ఆరాధన.

"ఆగిందా గాడ?" అన్నాడు అంతయ్య తాత.

"ఆఁ, ఆగింది తాతా."

"అయితే ఇంటికి పోయి మేకకింత ఆకేసొస్త," అని గంప అక్కడే వదిలి ఐలవ్వ వెళ్లిపోయింది. అంతయ్య తాత చాయ్ హోటల్ వైపు నడిచాడు.

జట్టు కెప్టెన్ తిరుమల బ్యాగు కింద పడేసింది. "ఒక్క ఆట ఆడుదాం పాండ్రే. కాళ్లు సల్లవడ్డయ్."

బడి మైదానం బస్టాపు వెనకే. గోడ దాటితే చాలు. పిల్లలు వరుసగా కూర్చున్నారు. తిరుమల తరుముతోంది. ఆరాధన గడిలో మునివేళ్ల మీద కూర్చుంది. తిరుమల దగ్గరికి వస్తోందో లేదో, వీపు మీద చెయ్యి పడకముందే లేచి ఉరికింది.

"ఫౌల్!" అని అరిచింది తిరుమల. "నీకు ఎన్నిసార్లు చెప్పాలెనే? ఖో అన్నంకనే లేవాలె."

"నువ్వు నాకే ఇస్తవని ముందే ఎరుక."

"నీకు అన్ని ముందే ఎరుకాయె! ఇగ నేనెందుకు? ఇంటికి పోయి పండుకుంట."

అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో హారన్ మోత ఎవరికీ సరిగ్గా వినపడలేదు. రెండోసారి మోగింది. అప్పుడు తిరుమల తల తిప్పింది.

"బస్సే!"

అందరూ గోడ దూకి ఉరికారు. వాళ్లు వచ్చేసరికి బస్టాపులో దుమ్ము మాత్రమే ఉంది. బస్సు ఊరి చివర మలుపు తిరుగుతోంది. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని అంతయ్య తాత దాని వెనకాల ఉరికాడు. "ఓ డ్రైవరూ! ఆపవయ్యా!" అని గ్లాసు ఊపాడు. చాయంతా చొక్కా మీద పడింది. బస్సు ఆగలేదు. ఐలవ్వ మేకకు వేయాల్సిన కొమ్మ చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

తిరుమల ఆరాధన వైపు తిరిగింది.

"రేగులకుంట కాడ ఆగిందంటివి గదనే?" అంది తిరుమల. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

"ఫోన్ తప్పు చూపిచ్చిందేమో అక్కా," అంది జట్టులో ఒక చిన్నపిల్ల.

ఆరాధన ఫోన్ వైపు చూసింది. చక్రం ఇంకా తిరుగుతోంది. ఊరుకుంటే తప్పు ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ ఏమీ అనదు.

"ఫోన్ ఏం చూపియ్యలే," అంది నేల చూస్తూ. "నెట్టే రాలే. నేనే చెప్పిన."

"మరి రాలేదని చెప్పొద్దా?" అంది తిరుమల.

"అందరు నా దిక్కే చూడవడితిరి. తెల్వది, ఎరుకలే అని ఎట్ల చెప్పాలె?"

ఐలవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గట్లనే చెప్పాలె బిడ్డా! దాంట్ల ఏమున్నది? ఎరుకలే అని నేను రోజుకు నూరుసార్లంట. ఇన్నేండ్లాయె, నా పన్ను ఒక్కటన్న ఊడిందా?" అని నోరు తెరిచి చూపించింది. ముందు పళ్లు రెండు లేవు.

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

"ఆటోలన్ని పత్తి ఏర కూలోళ్లను తీస్కపోయినయ్," అన్నాడు అంతయ్య తాత చొక్కా దులుపుకుంటూ. "ఇగ ఇండ్లకు పోవుడే."

తిరుమల జట్టు గుర్తుగా చేతికి కట్టుకున్న ఎర్ర రిబ్బన్ విప్పడం మొదలుపెట్టింది. అది చూసి ఆరాధన కాలువ కట్ట వైపు తలెత్తింది. అంత ఎత్తులో నెట్ రావచ్చు.

"జర ఆగుండ్రి," అంది. ఫోన్ గట్టిగా పట్టుకుని కాలువ వైపు ఉరికింది.

ఊరికి ఆనుకుని పెద్ద కాలువ ఉంది. దాని కట్ట తాటిచెట్టంత ఎత్తు. ఆరాధన చేతులు కూడా నేలకానించి ఎక్కింది. పైకి చేరగానే ఫోన్ టింగు టింగుమంది. చక్రం పోయి మ్యాపు వచ్చింది.

ఈసారి ఆమె తొందరపడలేదు. ఒక్కొక్కటే చదివింది. కరీంనగర్ నుంచి వచ్చే పెద్దరోడ్డు మీద రెండు చుక్కలున్నాయి. వెనకది ఎక్స్‌ప్రెస్. అది పెద్దరోడ్డు మీది ఊరి స్వాగత తోరణం, కమాన్ దగ్గర ఆగదు. ముందుది పల్లెవెలుగు. అది ఆగుతుంది. చుక్క కింద సన్నటి అక్షరాలు ఉన్నాయి. నాలుగు నిమిషాల కిందట, అని. ఆ వరుసను ఆమె ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా చదవలేదు.

తిరుమల రొప్పుతూ కట్ట ఎక్కింది. వెనకే జట్టంతా ఎక్కింది.

"ఏమన్న ఉందా?"

"పెద్దరోడ్డు మీద పల్లెవెలుగు వస్తుంది. కట్ట మీదికెల్లి పోతే కమాన్ కాడికి దగ్గర."

"దొరుకుతదా?"

దొరుకుతది అనే మాట ఆరాధన నాలుక చివరకు వచ్చింది. అందరూ మళ్లీ తననే చూస్తున్నారు. ఆమె నోరు మూసుకుంది. మళ్లీ తెరిచింది.

"ఎరుకలే," అంది. "గిది నాలుగు నిమిషాల కిందటి ముచ్చట. ఇప్పుడు ఏడుందో నాకు ఎరుకలే. ఉరికితే దొరకొచ్చు. దొరకకపోవచ్చు."

ఎవరైనా నవ్వుతారేమోనని చూసింది. తిరుమల రిబ్బన్ మళ్లీ ముడి వేసుకుంటోంది.

"అంతేనా? అయితే ఉరుకుదాం పాండ్రి."

"మరి నా గంప?" కింద నుంచి ఐలవ్వ అరిచింది. "నేనంటే ఎట్లనో అట్ల ఉరుకుత. గంప ఉరకది గద!"

తిరుమల కట్ట దిగి గంప నెత్తిన పెట్టుకుంది. మళ్లీ పైకొచ్చి పరుగు మొదలుపెట్టింది. కొంత దూరం పోయేసరికి మెడ నొప్పి పుట్టింది. ముందు పోతున్న పిల్ల వీపు మీద చరిచి "ఖో!" అంది. ఆ పిల్ల గంప అందుకుని ఉరికింది. ఆ పిల్ల ఇంకొకరికి "ఖో!" అంది. గంప ఒక నెత్తి మీది నుంచి ఇంకో నెత్తి మీదికి పోతూనే ఉంది. ఒక ఖో అంతయ్య తాతకు కూడా వచ్చింది.

"ఓరి మీ పాడుగాను! నేను ఆటల లేను!" అంటూనే ఆయన గంప ఎత్తుకున్నాడు.

ఆరాధన అందరికంటే ముందు ఉరుకుతోంది. బస్సు ముందే వస్తే ఆపాలి.

ఆమె కమాన్ కిందికి చేరేసరికి ఎక్స్‌ప్రెస్ రయ్యిమని వెళ్లిపోయింది. రోడ్డు ఖాళీ అయింది. పల్లెవెలుగు ముందే పోయిందా? ఇంకా రావాలా? తెలియదు. తెలియకుండా నిలబడటం పరుగెత్తడం కంటే కష్టంగా ఉంది. ఆమె ఫోన్ చూసింది. రోడ్డు చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. చివరికి ఫోన్ సంచిలో పెట్టి రోడ్డే చూస్తూ నిలబడింది.

దూరంగా రోడ్డు మీద ఒక అద్దం మెరిసింది. బస్సు ముందరి అద్దం. ఆరాధన రెండు చేతులూ పైకెత్తింది.

బస్సు ఆగింది. కండక్టర్ తల బయటపెట్టాడు. "ఒక్కదానివేనా పాపా?"

"కాదన్నా! జర ఆపుండ్రి. మా జట్టుంది. ఒక తాత, ఒక అవ్వ, ఒక గంప!"

కండక్టర్ కట్ట వైపు చూశాడు. ఎర్ర రిబ్బన్లు కట్టుకున్న పిల్లలు, వాళ్ల మధ్య ఊగుతూ వస్తున్న గంప, చివర చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఐలవ్వ. ఆయన పగలబడి నవ్వాడు. "డ్రైవరన్నా, జర ఆగు. పెండ్లి ఊరేగింపు వస్తుంది!"

అందరూ ఎక్కారు. ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఆడపిల్లలూ ఐలవ్వా ఆధార్ కార్డులు చూపించారు. అంతయ్య తాత ఒక్కడే జేబు తడుముకున్నాడు.

"గంప మోసినోనికి టికెటా! గిదేం న్యాయమే?"

అప్పుడు మాత్రం బస్సంతా నవ్వింది. అందరికంటే గట్టిగా తిరుమల నవ్వింది.

మైదానంలో జమున మేడం హాజరు బల్ల దగ్గరే నిలబడి ఉంది. "వస్తున్నరు సార్. ఒక్క నిమిషం సార్," అంటోంది.

"ఎల్లంబావి!" అని మైకులో పిలిచారు.

"వచ్చినం మేడం!" గేటు దగ్గర నుంచి అన్ని గొంతులూ ఒక్కసారే లేచాయి.

ఆరోజు ఎల్లంబావి జట్టు మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. ఎండ వాలేసరికి ఫైనల్‌లో ఉంది.

ఫైనల్ చివరి నిమిషం. రెండు జట్లకూ పాయింట్లు సమానం. అవతలి జట్టులో బాగా ఉరికే పిల్ల ఒక్కతే మిగిలింది. ఆమె దొరికితే గెలుపు. ఆరాధన గడిలో కూర్చుని ఉంది. ఆ పిల్ల సరిగ్గా ఆమె ముందు నుంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి పోయింది. ఆరాధన కాళ్లు జివ్వుమన్నాయి. వెనక తిరుమల వస్తున్న చప్పుడు వినపడుతోంది. ఖో తనకే వస్తుందనిపించింది.

అనిపించింది, అంతే. రాలేదు.

ఆమె మునివేళ్లు మట్టిలో గుచ్చి అట్లాగే కూర్చుంది.

వీపు మీద చెయ్యి పడింది. "ఖో!"

అప్పుడు లేచింది. మూడు అంగల్లో ఆ పిల్ల భుజం అందింది. విజిల్ మోగింది.

తర్వాత ఏం జరిగిందో ఆరాధనకు సరిగ్గా గుర్తు లేదు. ఎవరో ఎత్తుకున్నారు. ఎవరో చెవిలో అరిచారు. జమున మేడం నవ్వుతూ ఏడుస్తోంది. అంతయ్య తాత తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. అది పోయి జెండా కర్రకు చిక్కుకుంది. ఎంత గుంజినా రాలేదు.

సాయంత్రం బస్సులో ఐలవ్వ ఖాళీ గంపను ఒళ్లో పెట్టుకుంది. అందులో తడిగుడ్డ పరిచి, దాని మీద గెలిచిన కప్పు పెట్టారు. ఊరు వచ్చేదాకా ఐలవ్వ దాని మీది నుంచి చెయ్యి తీయలేదు.

మళ్లీ అంగడి రోజు వచ్చింది. ఆరాధన బడికి పోతూ బస్టాపు ముందు నుంచి నడుస్తోంది. బస్టాపు నిండా జనం కూర్చుని ఉన్నారు.

"బస్సు ఏడిదాకా వచ్చిందే, ఆరాధనా?" అంది ఐలవ్వ.

ఆరాధన ఫోన్ తీసింది. చక్రం తిరుగుతోంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"ఎరుకలే అవ్వా," అంది ఆరాధన. "కట్టెక్కి చూసి చెప్త. నేను చెప్పేదాక ఎవ్వలు ఎటు పోవద్దు."

"నేను కదిలితే ఒట్టు!" అంది ఐలవ్వ, గంప మీద చెయ్యి వేసి.

ఆరాధన కట్ట మీదికి ఎక్కింది. ముందు ఫోన్ చూసింది. సన్నటి అక్షరాలు కూడా చదివింది. తర్వాత తలెత్తి రేగులకుంట దారి చూసింది. పొలాల వెనక దుమ్ము లేస్తోంది. కిందనున్న జనం మెడలు పైకెత్తి చూస్తున్నారు. ఎవరూ లేవలేదు.

దుమ్ములోంచి బస్సు ముక్కు బయటపడేదాకా ఆమె ఆగింది. అప్పుడు చెయ్యి పైకెత్తి, ఊరంతా వినపడేట్టు అరిచింది.

"ఖో!"

బస్టాపంతా ఒక్కసారే లేచి నిలబడింది.