కడియం మాట వినని బండి

బడి గంట వేళకు కాలువకట్ట రోడ్డు మీద బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. పిల్లలు రోడ్డు దాటుతున్నారు. ఒక్కరూ తల తిప్పి చూడడం లేదు. ఒక పిల్ల నడిమధ్యన కూలబడి చెప్పు పట్టీ సరిచేసుకుంటూ ఉంటే, డ్రైవరు లేని లారీ ఒకటి వెనకాల ఓపిగ్గా నిలబడి ఉంది.

గోడౌను అరుగు మీదినుంచి భ్రమరాంబ ఇదంతా రోజూ చూసేదే. అయిదో తరగతి దాటని ప్రతి పిల్లా పిల్లాడి కాలికీ సర్కారు కావలి కడియం తొడిగింది. ఆ కాలు రోడ్డు మీద పడితే చాలు, దగ్గరున్న ప్రతి బండిలోని ఆగుడుబిళ్ళ చక్రాలను బిగించేస్తుంది. పిల్లల చదువు పలకకూ ఆ కడియమే కాపలా. ముక్కూ మొహం తెలియనివాడు పలకలో పలకరించబోతే, మాటల జల్లెడ ఆ మాటను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఈ పద్ధతి వచ్చాక ఊళ్ళో ఒక్క పిల్లకూ దెబ్బ తగల్లేదు. పసుపు వ్యాపారంలో జుట్టు నెరిసిన భ్రమరాంబ దేన్నయినా లాభమా నష్టమా అనే చూస్తుంది. బండ్లు కాసేపు ఆగడం నష్టం, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరడం లాభం. లెక్క ఎప్పుడో తేలిపోయింది కాబట్టి ఆమె ఏనాడూ సణగలేదు.

ఈ వారం మాత్రం లెక్క తేడా కొట్టింది. ఆమె సరుకు రోజూ మార్కెట్ యార్డుకు ఆలస్యంగా చేరుతోంది. వేలంలో ముందు పోసిన రాశిదే వైభోగం. కొనేవాళ్ళు పసుపు కొమ్ము విరిచి, ఆ చప్పుడు విని, మోజు తీరా పాట పాడేది దానికే. వెనక వచ్చిన రాశి ఎంత మేలైనదైనా అప్పటికి వాళ్ళ చేతులు చల్లబడి ఉంటాయి. ఆ ముందు రాశి రోజూ పోటీ వ్యాపారి పానకాలుదే అవుతోంది.

సంగతేమిటో చూద్దామని ఆమె మలుపు దాకా నడిచింది. అక్కడ రోడ్డు అంచున కూర్చుని, కడియం కాలు తారు మీదికి చాపుకుని, మనవరాలు మేధిని తేగ నములుతోంది. కాస్త ఎగువన భ్రమరాంబ లారీ ఆగి ఉంది.

"బడికి పోకుండా ఇక్కడేం చేస్తన్నావే?"

"కూర్చున్నా నానమ్మా."

"మన బండి ఆగిపోయింది, కనపడలా?"

"ఆపటానికేగా కూర్చుంది."

మూడో తరగతి పిల్ల తడబడకుండా చెప్పింది. తన క్లాసులోనే చదివే నిశాంత్ పలకలో చెప్పాడట. బండిని ఆపితే ఆటలో కిరీటాలు ఇస్తాడట. ఆ కిరీటాలు వాడికి కొనిపెట్టేది వాళ్ళ తాతయ్య పానకాలు.

"మరి జల్లెడ ఊరుకుందా?"

"నిశాంత్ తెలిసినోడేగా."

"మన బండని తెలిసే ఆపావా?"

"తెలుసు. మన బండయితే కుదరదన్నా. అప్పుడు కిరీటాలు పెంచాడు."

భ్రమరాంబకు కోపం రావలసింది. రాలేదు. పిల్ల బేరమాడిన తీరుకు లోలోపల మురిసింది. నేరుగా బడికి వెళ్ళి టీచరుతో చెబితే సరిపోయేది. కానీ ఆమె బుర్ర అప్పటికే లెక్క వేస్తోంది. బండ్లన్నీ ఆగిపోయే చోట పిల్లకు ప్రమాదం సున్నా. సున్నాకు భయపడి వ్యాపారం చేసేవాళ్ళెవరు?

"రేప్పొద్దున వంతెన దిగే చోట కూర్చో. పానకాలు బండి అక్కడికే వస్తది. వాడిచ్చే దానికి రెట్టింపు నేనిస్తా."

"బడికి లేటవుద్దిగా."

"నేను చెప్పుకుంటాలే."

"అయితే తేగలు కూడా."

పానకాలు చూస్తూ ఊరుకోడని, మలుపులో ఇంకో పిల్లను కూర్చోబెడతాడని ఆమెకు తెలుసు. అందుకే మామగారి కాలంనాటి ఇనుప చక్రాల తోపుడు బండిని దుమ్ము దులిపించింది. దానికి మోటారు లేదు. ఆగుడుబిళ్ళ అంతకన్నా లేదు. ఏ పిల్ల కాలు చాపినా అది ఆగనక్కర్లేదు. ఆ మాటను ఆమె తనకు లాభంగానే అనుకుంది.

మర్నాడు పొద్దున గుమాస్తా ఆదెయ్య బండి లాగుతుంటే, ఆమె వెనక నడుస్తూ యార్డు దారిలోని వంతెన ఎక్కింది. దిగువన పానకాలు లారీ కదలకుండా నిలిచి ఉండడం చూసి తృప్తిగా నవ్వుకుంది. అప్పుడే బండి వాలులోకి దిగింది. బస్తాల బరువు ముందుకు తోసింది. ఆదెయ్య మడమలు తన్నిపెట్టినా జారుతున్నాయి.

మేధిని అంచున లేదు. నానమ్మ రెట్టింపు ఇస్తానంది కదా అని, రోడ్డు మధ్యలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"లేవే! పక్కకు జరుగు!"

మేధిని తలెత్తి నానమ్మను చూసి చెయ్యి ఊపింది. దూసుకొస్తున్న బండిని కూడా చూసింది. దాన్ని చూసి లేవాలని ఆ పిల్లకు తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక తన ముందు ఆగని చక్రం ఆమె చూడలేదు.

ఆదెయ్య ఒళ్ళంతా పెట్టి బండిని పక్కకు విరిచాడు. బండి రెయిలింగు విరగ్గొట్టుకుని బస్తాలతో సహా కాలువలో పడింది. నీళ్ళు పసుపుపచ్చగా మారాయి. ఆదెయ్య భుజం చర్మం లేచిపోయింది. మేధిని గౌను అంచు చిరిగింది, అంతే.

"అది ఎందుకు ఆగలేదు?" అంది మేధిని, ఎవరో మాట తప్పినట్టు. "నేనున్నాగా."

భ్రమరాంబ పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు లాగింది. లారీ దగ్గర నిలబడ్డ పానకాలు వచ్చి తలగుడ్డ తీసి ఆదెయ్య భుజానికి కట్టాడు.

ఆ సాయంత్రం ఆమె మనవరాలిని రోడ్డు పక్కకు తీసుకుపోయింది. "దాటే ముందు అటూ ఇటూ చూడాలి" అంది. పిల్ల కాలు కింద పెట్టింది. బండ్లన్నీ ఆగిపోయాయి. "ఆగినయ్‌గా, ఇంకేం చూడాలి?" అంది పిల్ల. చూడడం నేర్పడానికి ఆ ఊరి రోడ్ల మీద ఏమీ మిగల్లేదని భ్రమరాంబకు అప్పుడు తెలిసింది.

తోపుడు బండిని కాలువలోంచి తీయించి, ఖాళీగా గోడౌను వెనక ఏటవాలు దొడ్లో పెట్టించింది. దాని వెనక పలుపుతాడు కట్టింది. ఆ తాడు పట్టుకోవడానికి పానకాలు తన మనవడు నిశాంత్‌ను వెంటబెట్టుకుని, పిలవకుండానే వచ్చాడు.

"ఇన్నాళ్టికి నా చేతికి చిక్కింది నీ బండి" అన్నాడు.

"నోరు మూసుకుని తాడు గట్టిగా పట్టుకో."

పిల్లలిద్దరూ వాలు కింద నిలబడ్డారు. తాడు సంగతి వాళ్ళకు చెప్పలేదు.

"నానమ్మా, నేను జరక్కపోతే నువ్వు ఆపుతావుగా?"

"ఆపను" అంది భ్రమరాంబ.

మేధిని నవ్వింది. నానమ్మ నవ్వలేదు. పిల్ల ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. భ్రమరాంబ బండి పిడి వదిలేసింది. ఇనుప చక్రాలు గడగడలాడుతూ కిందికి దొర్లాయి. మేధిని చూపు ముందు కాలి కడియం మీదికి వెళ్ళింది. ఆ తర్వాత తలెత్తి చక్రాలను చూసింది. నిశాంత్ చెయ్యి పట్టుకుని లాగి పక్కకు దూకింది.

వాడి చెయ్యి వదలకుండా నానమ్మ వైపు చూసిన ఆ చూపులో మొదటిసారి భయం ఉంది. ఆ భయం నానమ్మే నేర్పింది. ఈసారి భ్రమరాంబ లాభమో నష్టమో తేల్చుకోలేదు. బండిని మళ్ళీ పైకి లాగమని పానకాలుకు సైగ చేసింది.