తప్పు నాదే అన్నదెవరు

2007 ఆగస్టు పదకొండు, శనివారం. ఆ పొద్దున జనార్ధనరావు ఇంట్లో దిబ్బరొట్టి చేశారు. నంచుకోవడానికి అల్లప్పచ్చడి, కాస్త బెల్లం పాకం. ఇంత కచ్చితంగా గుర్తుండిపోవడానికి కారణం ఉంది. ఆ ఒక్క రొట్టినీ ముగ్గురు మనుషులు మూడు చోట్ల కూర్చుని తిన్నారు. జనార్ధనరావు వరండాలో, ఆయన అక్కగారు త్రిపురసుందరి వంటింట్లో పీట మీద, పై గదిలో అద్దెకుంటున్న మంగోలియా ఆవిడ మెట్ల మీద.

మెట్ల మీదే ఎందుకంటే, అక్కాతమ్ముళ్ళిద్దరికీ సరిగ్గా సమదూరంలో ఉండే జాగా ఆ ఇంట్లో అదొక్కటే.

అక్కాతమ్ముళ్ళకి మాటలు ఆగిపోయి ఆ రోజుకి ముప్ఫై ఎనిమిది రోజులు. మాటలు లేకపోయినా ఇల్లు నడవాలి కాబట్టి, పొద్దుటిపూట కబుర్లు పనిమనిషి శాంతాబాయి మోసేది.

"శాంతాబాయీ, లోపల చెప్పు. రొట్టి అంచు బాగా కాలింది, బాగుందని."

శాంతాబాయి చీపురుతో సహా వంటింటి గుమ్మం దాకా వెళ్ళింది. "పెద్దమ్మా, రొట్టె మాడిందంట."

"మాడిందన్లేదు!" వరండాలోంచి కేక వచ్చింది.

"కాలిందన్నడు. కాలుడేంది, మాడుడేంది సారూ, పొయ్యికి ఎరుకనా?"

"నచ్చకపోతే బుధవారం నుంచి హోటల్లో తినమను," అంది త్రిపురసుందరి, గోడతో అన్నట్టు.

ఆ మాటతో జనార్ధనరావు నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. బుధవారం ఆగస్టు పదిహేను, సెలవు. ఆవిడ భర్త తరఫు మేనల్లుడు రాఘవేంద్ర అన్నోజిగూడలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఆషాఢం వెళ్ళగానే వ్యాను తెచ్చి అత్తయ్యని తీసుకుపోతానన్నాడు. సాయంత్రానికి తిరిగి రావడానికి కాదు, అక్కడే ఉండిపోవడానికి. పదకొండేళ్ళ క్రితం భర్త పోయి, ఒక ట్రంకు పెట్టెతో నాచారం వచ్చిన అక్కయ్య, అదే పెట్టెతో వెళ్ళిపోతానంటోంది.

గొడవ చిన్నదే. జనార్ధనరావు భార్య విజయశ్రీ పోయి రెండేళ్ళయింది. ఆవిడ బీరువాలోంచి ఆరు చీరలు తీసి త్రిపురసుందరి శాంతాబాయికి ఇచ్చేసింది. మర్నాడు విజయశ్రీ నీలం చీర కట్టుకుని శాంతాబాయి వాకిలి ఊడుస్తుంటే చూసి, ఏనాడూ గొంతు పెంచని జనార్ధనరావు, "నన్నడక్కుండా ఇవ్వడానికి ఇదేమైనా నీ ఇల్లా?" అన్నాడు. "కాదు," అంది త్రిపురసుందరి. ఆవిడ ఆయనతో అన్న ఆఖరి మాట అదే.

శాంతాబాయి పాపం ఆరు చీరలూ మూటకట్టి తిరిగి తెచ్చింది. ఇద్దరిలో ఎవరూ తీసుకోలేదు. అందుకని కట్టుకుంటోంది.

సాయంత్రాలు కబుర్లు మోసేది మంగోలియా ఆవిడ. వాళ్ళ దేశంలో వాతావరణ శాఖలో గుమాస్తా, నలభై మూడేళ్ళుంటాయి. తార్నాక వైపు యూనివర్సిటీలో విదేశీయులకి ఇంగ్లీషు నేర్పే నాలుగు నెలల కోర్సుకి వాళ్ళ సర్కారు పంపింది. పేరు ఒయూన్. మొదటిరోజు జనార్ధనరావు, "ఒయూన్ వస్తోంది" అంటే, "ఓయూ మనింటికి రావడమేమిట్రా, అదేమన్నా బస్సా?" అంది త్రిపురసుందరి. గదిలో మాంసం వండకూడదన్న షరతుకి ఒయూన్ చాలాసేపు ఆలోచించి, "పాలు ఉందా?" అని అడిగింది. ఉన్నాయన్నారు. ఆ పాలతో ఉప్పు వేసి టీ కాచింది. త్రిపురసుందరి ఒక గుక్క తాగి, "చారనుకుంటే బాగానే ఉంది," అని మెచ్చుకుంది.

ఆ నెలలో ఒయూన్ క్లాసులో నడుస్తున్న పాఠం, ఒకరన్న మాటని ఇంకొకరికి చెప్పడం. రోజుకి పది వాక్యాలు ఇంటి దగ్గర విని రాసుకురమ్మన్నారు. లావోస్ వాళ్ళూ సూడాన్ వాళ్ళూ వినడానికి మనుషులు దొరకక తంటాలు పడుతుంటే, ఒయూన్‌కి మాత్రం నోటుపుస్తకం చాలేది కాదు. ఆ ఇంట్లో మాటలన్నీ ఒకరి ద్వారా ఒకరికి వెళ్ళేవే. రాసినవి సాయంత్రం జనార్ధనరావుకి చూపించేది. ఉప్పల్లో ఓ పరిశోధన సంస్థలో ముప్ఫై మూడేళ్ళు ఇంగ్లీషు ఉత్తరాలు రాసి రిటైరైన మనిషి, ఆయన ఎర్రసిరా పెన్నుతో దిద్దేవాడు.

"అక్క సెడ్ దట్ ది ఫ్యాన్ ఈటింగ్ కరెంట్ వితౌట్ మ్యాన్" అని ఉంటే, ఈటింగ్‌కి ముందు 'వజ్' చేర్చి, లేచి వెళ్ళి లోపలి గదిలో ఫ్యాను ఆపి వచ్చేవాడు.

తన మీద ఫిర్యాదుల్ని తనే వ్యాకరణం సరిచేసి ఇస్తున్నానని ఆయనకి తెలియక కాదు. ఆ నోటుపుస్తకంలోనైనా అక్కయ్య గొంతు వినబడుతోందని.

ఆ శనివారం మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళిన జనార్ధనరావు, అలమరలో ఎప్పుడూ ఉండే చోట కాఫీ ఫిల్టరు లేకపోవడం చూశాడు. పక్క గదిలో ట్రంకు పెట్టె తెరిచి ఉంది. ఫిల్టరు పాత తువ్వాల్లో చుట్టి, చీరల మధ్య భద్రంగా కూర్చుని ఉంది. అప్పటిదాకా బుధవారం అంటే ఒక మాట. ఇప్పుడది అలమరలో ఒక ఖాళీ.

నీళ్ళు తాగకుండానే మెట్ల దగ్గరికి వచ్చాడు. "ఒయూన్," అన్నాడు ఇంగ్లీషులో, "అక్కయ్యని అడుగు, నిజంగా వెళ్తోందా, వెళ్ళడం లేదా అని. గోయింగ్, ఆర్ నాట్ గోయింగ్. అంతే."

ఒయూన్ నోటుపుస్తకం పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చింది. ముఖం కాస్త చిన్నబోయి ఉంది.

"ఏమంది?"

"అక్క సెడ్ ఐ వజ్ రాంగ్."

జనార్ధనరావు వరండా స్తంభం పట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పు."

"ఐ వజ్ రాంగ్. మూడు టైమ్స్ చెప్పింది. రాంగ్, రాంగ్, రాంగ్."

ఆయనకి కళ్ళు చెమ్మగిల్లాయి. అక్కయ్య! పన్నెండేళ్ళ వయసులో తనని వీపున మోసుకుని కాలవ దాటించి బడికి తీసుకెళ్ళిన అక్కయ్య, జన్మలో ఎవరి దగ్గరా తగ్గని అక్కయ్య, తప్పు నాదే అందా? అదీ మూడుసార్లా? ఇక ఆయన కాలు నిలవలేదు. చొక్కా తగిలించుకుని షేర్ ఆటోలో హబ్సిగూడ వెళ్ళి, మర పట్టే కొట్లో నిలబడి, ఆవిడకిష్టమైన పాళ్ళలో చికోరీ కలిపించి, అరకిలో కాఫీపొడి వేడివేడిగా పట్టించుకుని వచ్చాడు. తోవలో ఆటోవాడు పాదం మీద గేరు రాడ్డు కొట్టినా, "పరవాలేదు నాయనా," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి ఇంగువ వాసన. శనివారం రాత్రి ఆయన అన్నం తినడు. ముప్ఫై ఎనిమిది రోజులుగా శనివారాలు రెండు అరటిపళ్ళే పళ్ళెంలో వచ్చేవి. ఇవాళ ఇత్తడి గిన్నెలో ఉప్పుపిండి, అడుగున ఎర్రటి మాడుచెక్కతో సహా. పక్కపక్కన రెండు పీటలు, రెండు కంచాలు.

ఆవిడ ఆయన్ని చూసి, "కాళ్ళు కడుక్కో," అంది.

అదే మొదటి మాట. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చి, కాఫీపొడి పొట్లం ముందు పెట్టి, ఎంతో పెద్దమనసుతో, "పోనీలే అక్కయ్యా. మనిషన్నాక పొరపాటు జరుగుతుంది. నువ్వు ఒప్పుకున్నావు, నాకదే చాలు," అన్నాడు.

"ఏం ఒప్పుకున్నాను?"

"అదే... తప్పు నాదే అన్నావుగా."

గరిట గిన్నెలో ఆగింది. "నేనెప్పుడన్నానురా? వెళ్ళొద్దని నువ్వే కదా కబురు పెట్టావు! పోనీ పాపం, నోరు తెరిచి అడిగాడు కదా అని ఉప్పుపిండి చేశాను."

"నేనా? వెళ్తోందా లేదా అని అడగమన్నాను. అంతే!"

"అంటే వెళ్ళొద్దనలేదా?"

"అంటే నువ్వు తప్పు ఒప్పుకోలేదా?"

"చీరలిచ్చినందుకా? ఇంకో ఆరున్నా ఇస్తాను!"

"అదుగో, అదీ నీ బుద్ధి!"

"నా బుద్ధి నీకు నచ్చకపోతే పిండి అక్కడ పెట్టు!"

గిన్నెలు తోముతున్న శాంతాబాయి పెరటి గుమ్మంలోకి వచ్చి, తడిచేత్తోనే దండం పెట్టింది. "ఎన్ని దినాలకు మాట్లాడుకున్నరు! మస్తు కొట్లాడుండ్రి సారూ. గిప్పుడు నాకు తిరుగుడు తప్పింది."

"ఒయూన్‌ని పిలువు!" అన్నారిద్దరూ ఒకేసారి.

ఒయూన్ నోటుపుస్తకంతో వచ్చి నిలబడింది. జరిగింది అంతా తెలియడానికి పావుగంట పట్టింది. తెలుగులో ఒయూన్‌కి బాగా వచ్చిన మాట ఒక్కటే, 'వద్దు'. త్రిపురసుందరి మారు వడ్డించకుండా ఆపుకోవడానికి మొదటి వారంలోనే నేర్చుకుంది. 'నాట్ గోయింగ్' అనడానికి అదే సరిపోతుందనుకుని, వంటింట్లోకి వెళ్ళి, "సార్ చెప్పారు. వెళ్ళు వద్దు," అంది.

"దానికి నేను, నువ్వు తప్పు విన్నావమ్మా, యూ రాంగ్, రాంగ్, మా జనార్ధనం అలా అనడు, అన్నాను," అంది త్రిపురసుందరి.

"ఎస్!" ఒయూన్ తన గుండెల మీద వేలు పెట్టుకుంది. "ఐ వజ్ రాంగ్. ఐ. ఒయూన్."

జనార్ధనరావు నెమ్మదిగా పీట మీద చతికిలబడ్డాడు. "ఇంగ్లీషులో ఆ మాట ఎవరు మోసుకొస్తే వాళ్ళే 'నేను' అక్కయ్యా. మన తెలుగులో మొదట అన్నవాళ్ళు 'నేను'. నాకు తెలుసు. రోజూ దిద్దుతున్నాను. కానీ వినేటప్పుడు తెలుగులోనే విన్నాను."

శాంతాబాయి అంతా శ్రద్ధగా విని, "గట్లయితె తప్పు నాదే అని ఎవలన్నరు?" అని అడిగింది.

ఎవరూ అనలేదు.

పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. త్రిపురసుందరి పొయ్యి ఆపి, "అయితే ఎవరూ ఏమీ అనలేదన్నమాట. సరే. తిను, చల్లారిపోతోంది," అంది. గొంతులో ఇందాకటి కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేదనిపించింది ఆయనకి. ఆవిడ లేచి రెండో కంచం తీసేయబోయింది.

మూడు గంటల సేపు ఈ ఇంట్లో ఇద్దరు మనుషులు సంతోషంగా ఉన్నారు. అనని మాటలకే ఆయన హబ్సిగూడ వెళ్ళొచ్చాడు, ఆవిడ ఉప్పుపిండి చేసింది. జనార్ధనరావు అలవాటు కొద్దీ ఒయూన్ వైపు తిరిగాడు.

"టెల్ హర్ దట్ ఐ..."

ఒయూన్ నోటుపుస్తకం టప్పున మూసేసింది. "నో సార్. హోమ్‌వర్క్ ఫినిష్."

శాంతాబాయి కిసుక్కున నవ్వి, కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు నీలం రంగుది. ఆయన దాన్ని చూశాడు. చీర కాస్త వెలిసింది, అయినా నిండుగా ఉంది మనిషి మీద.

"అక్కయ్యా," అన్నాడు. "ఆ వేళ ఇది నీ ఇల్లా అన్నాను. తప్పు నాదే. నువ్వు వెళ్ళొద్దు."

త్రిపురసుందరి అటు తిరిగి ముక్కు చీది, "ఈ 'నాదే' అన్నది తెలుగులోనా, ఇంగ్లీషులోనా?" అంది.

"ఏ భాషలో చూసినా నేనే."

ఆవిడ మళ్ళీ పీట మీద కూర్చుంది. "నేనూ అడిగి ఇవ్వాల్సింది," అంది కంచంలోకి చూస్తూ. "రోజూ సాయంత్రం ఆ బీరువా ముందు అరగంట నిలబడేవాడివి. దీపం కూడా వేసుకునేవాడివి కాదు. నేను చూడలేకపోయానురా. అడిగితే ఇవ్వనంటావు కదా."

"ఇవ్వననే అనేవాణ్ణి."

"మరి!"

ఆయన నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఒయూన్‌కి ఆ మాటల్లో సగం కూడా అర్థమై ఉండదు. కానీ ఆవిడ వాతావరణ శాఖ మనిషి. ఇద్దరి ముఖాలూ చూసి, గోడ వారగా ఇంకో పీట తెచ్చుకుని, తనూ కూర్చుంది.

"రాఘవేంద్రకి ఏం చెప్పను?" అంది త్రిపురసుందరి, మాడుచెక్క గీకి తమ్ముడి కంచంలో వేస్తూ.

"భోజనానికి రమ్మను. వ్యాను వద్దను."

"పాపం, దానికి బయానా కూడా ఇచ్చాడట."

"అయితే దాంట్లో అందరం కలిసి వాడి కొత్త ఇల్లు చూసొద్దాం. శాంతాబాయీ, నువ్వూ రా."

"నీలం చీర కట్టుకోనా సారూ?" అంది శాంతాబాయి భయంభయంగా.

జనార్ధనరావు, "ఆకుపచ్చది కట్టుకో. నీకది ఇంకా బాగుంటుంది," అన్నాడు.

తొమ్మిదిన్నరకి పై గదిలో ఒయూన్ కొత్త పాఠమేదో వల్లె వేసుకుంటోంది. నాచారం ఫ్యాక్టరీల వైపు వెళ్ళే లారీల మోత వీధిలోంచి వినిపిస్తోంది. వరండా పక్క గదిలో జనార్ధనరావు పడుకుని ఉన్నాడు. త్రిపురసుందరి వచ్చి గుమ్మంలో ఒక నిమిషం నిలబడింది. తమ్ముడు నిద్రపోయాడనుకుని, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.

ఆయన నిద్రపోలేదు. కానీ అంత జాగ్రత్తగా వేసిన తలుపు వృథా పోకూడదని, కళ్ళు మూసుకునే ఉన్నాడు.