సారు చెప్పిన బరువు

రెబ్కా పొయ్యి మీంచి అన్నం దించేసరికి, చీరాల రోడ్డు మీద పరుగు ముగించుకొని ఆరాధన ఇంటికొచ్చింది. పదివేల మీటర్ల పరుగులో రాష్ట్రానికి బంగారు పతకం తెచ్చిన పిల్ల. పర్చూరు పక్క పల్లెలో మిరపకోతలకెళ్ళే రెబ్కా, అంకయ్యల ఒక్కగానొక్క కూతురు. సెలవులయ్యాయి, మళ్ళీ వారంలో ఢిల్లీ శిక్షణ శిబిరానికి వెళ్ళాలి.

"గోంగూర పచ్చడి చేశానే, కూర్చో."

"రెండు ముద్దలు చాలమ్మా. బరువు పెరిగితే కోచ్ సారు ఊరుకోరు."

ఆ రెండు ముద్దలూ కెలికి లేచింది. దండెం మీద తువ్వాలు అందుకుంటుంటే వీపున ఎముకలు పైకి తేలాయి. రెబ్కాని మాత్రం వేరే భయం తొలిచేస్తోంది. పిల్ల ఇంటికొచ్చి రెండు నెలలు దాటింది. ఒక్కసారైనా నెలసరి రాలేదు.

తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పవే. ఎవడు వాడు?"

"ఎవడేంటమ్మా?"

"నెలసరి ఆగిపోతే తల్లికి తెలీదనుకున్నావా?"

ఆరాధనకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి రెబ్కా కూతురి చెంప ఛెళ్ళుమనిపించింది.

"ఎవడూ లేడు! ఏడాది నుంచీ రావట్లేదు. క్యాంపులో చాలామందికి ఇంతే. ఒళ్ళు తేలికైంది, మంచిదే అన్నారు సారు." పిల్ల చెంప రుద్దుకుంది. "కాలు కూడా నొప్పిగానే ఉంటోందమ్మా. చెప్తే పంపరని చెప్పలేదు."

రెబ్కా ఆ రోజు కోతకి వెళ్ళలేదు. కూతుర్ని చీరాలలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"తిండి చాలక ఒళ్ళే నెలసరిని ఆపేసింది," అందావిడ ఎక్స్‌రే చూసి. "ఎముకలు గుల్లబారుతున్నాయి. కాలి ఎముకలో సన్నటి చీలిక ఉంది. ఈ ఏడు పరుగు మాటెత్తొద్దు."

సాయంత్రం అంకయ్య వింటూనే అరిచాడు. "ఇప్పుడాపితే ఆటల కోటాలో వచ్చే రైల్వే ఉద్యోగం పోద్దే! మాత్ర వేసుకొని పరిగెత్తకూడదా?"

"పరిగెత్తుతాను నాన్నా," అంది ఆరాధన.

"నోర్ముయ్!" రెబ్కా కూతురి చేయి పట్టి భర్త ముందుకు లాగింది. "ఏమయ్యా, కళ్ళు తెరిచి చూడు దీన్ని. మనం పస్తులున్నది ఇది తినాలనేగా? ఇప్పుడు తిండి ఉండి కూడా పస్తులుంటంది!"

అంకయ్య పుల్లలా ఉన్న ఆ మణికట్టు పట్టుకొని చూశాడు. తర్వాత చొక్కా తొడుక్కొని సెంటర్లో ఎస్టీడీ బూత్‌కి నడిచాడు. తల్లీకూతుళ్ళు వెనకే వెళ్ళారు.

సారుతో ఫోన్లో మాట్లాడాలన్నా నిటారుగా నిలబడే మనిషి, ఇవాళ స్టూలు మీద కూలబడ్డాడు. "మా అమ్మాయి రాదండి... పేరు తీసేత్తారా? తీసెయ్యండి... మీ దగ్గరికి పంపినప్పుడు దాని ఎముకలు బాగానే ఉండేయండి."

ఫోన్ పెట్టేసి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆరాధన వెక్కివెక్కి ఏడ్చింది.

"మళ్ళీ పరిగెత్తగలనా అమ్మా?"

రెబ్కాకి తెలీదు. బిడ్డని గట్టిగా పొదువుకుంది.

రోడ్డవతల బండి మీద పునుగులు వేగుతున్నాయి. ఏడుపు సద్దుమణిగాక ఆరాధన కాసేపు అటే చూసింది.

"ఆకలేస్తోందమ్మా," అంది మెల్లగా.

ఆ మాట కూతురి నోట విని ఎంతకాలమైందో రెబ్కాకి గుర్తు రాలేదు.