సెంట్రింగ్ విప్పే రోజు

తెల్లవారితే చాలు, పెంటయ్య మేస్త్రీ పెళ్లాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెడతాడు. బోరబండ గుట్ట మీది ఆ గుమ్మంలోంచి చూస్తే, మాదాపూర్ రాళ్ల మధ్య లేస్తున్న కొత్త భవనం మంచులో తేలుతున్నట్టు ఉంటుంది. సక్కుబాయి దాన్నే చూస్తూ మగతలోకి జారుకుంటుంది. ఆ మగతలో ఆమె ఇసుక తట్ట నెత్తిన పెట్టుకుని అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూనే ఉంటుంది. కాళ్లకు అలసటే తెలియదు. కళ్లు తెరిస్తే మళ్లీ అదే కుర్చీ.

ఆరు నెలల కిందట ఆ భవనం కూలి పనిలోనే పరంజా మీంచి పడి ఆమె నడుం కింది కటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేసి, స్టీలు ప్లేటు పెట్టి, స్క్రూలతో బిగించారు. "ఇంకా అతుకలేదంట, కాలు కింద పెట్టొద్దంట" అని, డాక్టర్ గదిలోకి ఒక్కడే వెళ్లొచ్చి పెంటయ్య నెలనెలా చెబుతూ వచ్చాడు. మొగుడు అంత ప్రేమగా మోస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది? వాడకట్టు ఆడవాళ్లయితే "పెట్టి పుట్టినవ్ సక్కూ" అని కుళ్లుకున్నారు కూడా.

ఒక ఉదయం, తొమ్మిదో తరగతి చదివే కూతురు ప్రశాంతి రేషన్ కార్డు కోసం ట్రంకు పెట్టె వెతుకుతుంటే ఎక్స్‌రే కవరు దొరికింది. అందులోని ఇంగ్లీషు చీటీని కూడబలుక్కుని చదివి, తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాయినా, ఎముక అతికిందని డాక్టర్ రాసిండు. కర్ర ఇచ్చి నడిపియ్యమన్నడు. గిది రాసి మూడు నెలలైంది!"

పెంటయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నిజమేనా?" అంది సక్కుబాయి. "ఇగ నా బతుకు కుర్చీలనే అని ఎంత ఏడ్చిన్నో నీకెరుక. ఒక్క మాట చెప్పనీకి నోరు రాలేదా?"

"స్లాబు పోసినంక, కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు తొందరపడి విప్పితే కూలుతది సక్కూ. ఇంకొన్ని దినాలు పోనీ అనుకున్న..." అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు. "ఆ పరంజాకు తాడు కట్టింది నేనే. నా ముడే జారింది. మళ్ల నువ్వు పడితే నేను బతకలేను."

"ముడి జారుడు నేను చూసిన."

పెంటయ్య తలెత్తాడు. "మరి ఇన్నాళ్లు అడగలేదేంది?"

"అడిగితే ఇగ నీ చేతులు ఏ తాడూ కట్టలేవని."

చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు పెంటయ్య. అంత కోపంలోనూ ఆమెకు అతని మీద జాలి వేసింది.

"ఏడ్చింది చాలు. మేస్త్రీవి నువ్వే గదా, చెప్పు. సెంట్రింగ్ ఎన్నటికీ విప్పకుంటే ఇంట్ల మనుషులు ఎట్లుంటరు? కర్ర తే బిడ్డా."

ప్రశాంతి పరుగున వెళ్లి కర్ర తెచ్చింది. సక్కుబాయి లేచింది. ఇన్నాళ్లూ నేల తాకని కాళ్లు గడగడ వణికాయి, నడుం ఒక పక్కకు ఒరిగింది. ఒక అడుగు. ఇంకో అడుగు. పెంటయ్య చేతులు రెండూ చాచి, ఆమెను తాకీ తాకకుండా వెంట కదిలాడు.

గడప మీద ఆగి, దూరాన ఎండలో తేలిన భవనాన్ని ఆమె నిలబడి చూసింది.

"చేతులు తియ్యయ్యా" అంది మెల్లగా.

అతను కళ్లు గట్టిగా మూసుకుని చేతులు తీశాడు. తెరిచి చూసేసరికి ఆమె ఇంకా నిలబడే ఉంది.